అద్దం నీళ్ల సీసా

మా ఆయన మునిశేఖర్ పోయింది జనవరి చివర్లో, పుంగనూరులో ఆయన పనిచేసే జూనియర్ కాలేజీ ల్యాబులో. ప్రాక్టికల్ పరీక్షలకు ముందు అది చివరి ల్యాబు రోజు. ఉదయం బ్యాచ్ ఆడపిల్లలు వెళ్లిపోయారు. మధ్యాహ్నం బ్యాచ్ వరండాలో నిలబడి ఉంది. ఆయన చేతులు కడుక్కుందామని కొళాయి తిప్పి, ఆ కొళాయి కిందే కూలబడ్డారు. అటెండరు నాగరత్నమ్మ చూసి కేక వేసేటప్పటికి నీళ్లు పారుతూనే ఉన్నాయట. మదనపల్లె ఆసుపత్రికి తెచ్చేలోగా ప్రాణం పోయింది. గుండె అన్నారు.

నేను తెలుగు టీచర్ని. మా ఇల్లు మదనపల్లెలో, నా బడి కురబలకోటలో. బడి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లాను. ఆయన కుడిచేతి వేళ్లు నల్లగా ఉన్నాయి. ఒక నర్సు వాటిని దూదితో రుద్దుతోంది. అది మురికి కాదని, రుద్దితే పోదని ఆమెకు చెప్పాను. సిల్వర్ నైట్రేట్ పడిన చర్మం నల్లబడుతుంది. ఆ చర్మం రాలి కొత్తది వస్తే తప్ప ఆ మరక పోదు. ఏటా ఆ వారమంతా ఆయన అవే వేళ్లతో అన్నం కలుపుకునేవారు. అవే వేళ్లతో ఆయన్ను సాగనంపాం.

చివరి ల్యాబు రోజున ఆయనకొక అలవాటు ఉండేది. ఆ రోజు మార్కుల కోసం ఏమీ చేయించరు. ఒక్కో పిల్లకు ఒక్కో చిన్న గాజు గొట్టం ఇచ్చి, అందులో తాను కలిపిన నీళ్లు కొంచెం పోసి, చిటికెడు గ్లూకోజు వేయించి, వేడినీళ్లలో నిలబెట్టమనేవారు. చూస్తుండగానే గొట్టం లోపల వెండి పూత పట్టుకునేది. మొహం కనిపించేంత అద్దం. దాన్ని పిల్లలు ఇంటికి తీసుకుపోవచ్చు. వాళ్లు ఆ ద్రావణాన్ని అద్దం నీళ్లు అనేవాళ్లు. దాని అసలు పేరు అమ్మోనియాకల్ సిల్వర్ నైట్రేట్.

ఆ పేరు మీద మా ఇంట్లో ఒకసారి వాదన జరిగింది. తెలుగు మీడియం పిల్లల కోసం ఆయన ప్రయోగాల పద్ధతిని కాగితం మీద రాసి, భాష దిద్దమని నాకిచ్చేవారు. నేను ఎర్ర పెన్నుతో ఆ మాట కింద గీత గీశాను.

"ఈ అమ్మోనియాకల్ ఏంది? దీన్ని తెలుగులో రాయరాదా?"

"రాయి. నువ్వే గదా తెలుగు టీచరు."

అమ్మోనియాకు సంబంధించిన, అని రాయబోయాను. ఏం సంబంధం, బావామరదులా, అన్నారు. అమ్మోనియా కలిపిన, అన్నాను. ఆయన నవ్వి పెద్దమండ్యంలో మా అన్న ఇంటి వసారాలో ఉన్న ఎరువు మూటలు గుర్తుచేశారు. మూట మీద అమ్మోనియాకల్ నైట్రోజన్ ఇంత శాతం అని అచ్చువేసి ఉంటుంది. అందులో ఎవరూ అమ్మోనియా తెచ్చి కలపలేదు. నైట్రోజన్ ఆ రూపంలో ఉందని చెప్పడం అది. మా బడి వెనక గొర్రెల దొడ్డి ఉంది. వాన పడి వెలిసిన పొద్దున ఆ వైపు కిటికీ తెరిస్తే కళ్లు మండుతాయి. దాన్ని అమ్మోనియాకల్ వాసన అంటారు. అక్కడ అది రూపమూ కాదు, కలపడమూ కాదు, ముక్కుకు తెలిసే ఘాటు. ఇక ఆయన సీసాలోది మాత్రం నిజంగా అమ్మోనియా నీళ్లు పోసి కలిపింది.

"మూడింటికీ సరిపోయే తెలుగు మాట ఒకటి సూసి పెట్టు. అందాకా దాన్ని అట్లే ఉండనీ."

నేను ఎర్ర పెన్నుకు మూత పెట్టేశాను. అప్పుడు ఆయన నవ్వు ఆపి ఇంకో సంగతి చెప్పారు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు క్లాసులో గొంతులా ఉంది.

"ఎరువు మూట ఏడాదైనా పెట్టుకోవచ్చు. దొడ్డి వాసన గాలికి పోతాది. నా సీసా మాత్రం సాయంత్రం దాటగూడదు."

ఆ నీళ్లు నిలవుంటే అడుగున నల్లటి పదార్థం చేరుతుందట. మూత చుట్టూ ఎండి అంటుకుంటుందట. ఎప్పుడు చేరుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. చేరిన తర్వాత సీసాను కదిపినా, మూత తిప్పినా, వేడి తగిలినా పేలవచ్చు. అందుకే మిగిలినదాంట్లో ఆ రోజే ఆమ్లం పోసి చంపేయాలి. చంపేయాలి అనే మాట ఆయనదే. ఆ పని ఆయన ఎవరికీ అప్పగించేవారు కాదు. నాగరత్నమ్మను ఇంటికి పంపేసి, తలుపు దగ్గరికి వేసుకుని తానే చేసేవారు. అందుకే అద్దం రోజున ఎప్పుడూ ఎక్కే బస్సు తప్పిపోయేది. ఏడాదిలో ఆ ఒక్కరోజు ఆయన ఆలస్యానికి నేను కంగారుపడేదాన్ని కాదు.

ఆయన పోయిన తర్వాత ఈ మాటలేవీ నాకు గుర్తురాలేదు. ఆయన వస్తువులు తెచ్చుకోవడానికి పుంగనూరు వెళ్లాలని తెలుసు. వెళ్లలేదు. మే నెలలో ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. జూన్‌లో కొత్త లెక్చరర్ వస్తున్నారని, టేబులు ఖాళీ చేయాలని చాలా మర్యాదగా చెప్పారు. మర్నాడు పొద్దున బస్సెక్కాను.

నాగరత్నమ్మ అన్నీ ఒక సంచిలో సర్ది పెట్టింది. తెల్ల కోటు, కళ్లజోడు పెట్టె, గొడుగు, తోమి ఆరబెట్టిన క్యారియరు. పదకొండో రోజు దాకా ఆ టేబులు మీద ఏదీ తాను ముట్టలేదని, ఎవరినీ ముట్టనివ్వలేదని చెప్పింది. నేను కోటు మడత విప్పి మళ్లీ మడిచాను. ఆమె సంచి మూతి ముడివేస్తూ అంది.

"ఇవేనమ్మా అన్నీ. అద్దం నీళ్లు మాత్రం ఆ కుప్పం పిల్లకిచ్చినా. వెన్నెల. మద్యానం బ్యాచ్ పిల్ల. దానికి అద్దం దొరకలేదని శానా ఏడ్సినాది."

ఏ నీళ్లని అడిగాను.

"సార్ ఆ పొద్దు కలిపినేవే. సగం సీసా ఉండె. పారబోయడానికి నాకు సేతులు రాలేదమ్మా. సార్ ఆఖరుగా కలిపింది గదా."

ఆమె తప్పేమీ లేదు. ఆ పని ఎంత ప్రమాదమో ఆమెకు తెలియకుండా చేసింది ఆయన జాగ్రత్తే. ఆమె దృష్టిలో ఆ సీసా కోటులాగా, కళ్లజోడులాగా ఆయన వదిలి వెళ్లిన వస్తువు. పదకొండు రోజులయ్యాక టేబులు మీది సీసా తుడిచి కిటికీలో పెట్టింది. అప్పటికే లోపల ఒకవైపు వెండి పట్టి మొహం కనిపించేదట. హాల్ టికెట్ల కోసం వచ్చిన వెన్నెల అడిగితే, సార్ వస్తువు సార్ శిష్యురాలికి చేరడం మంచిదేనని ఇచ్చేసింది. ఆ పిల్ల దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో కుప్పం తీసుకుపోయింది. అది మార్చి మొదట్లో. ఇప్పుడు మే ఎండలు.

సాయంత్రం దాటగూడదన్న ఆయన మాట అప్పుడు గుర్తొచ్చింది. సిద్ధార్థకు ఫోన్ చేశాను. ఆయన మదనపల్లెలో కెమిస్ట్రీ చెబుతారు, మా ఆయన స్నేహితుడు. ఆ రోజు తిరుపతిలో ఉన్నారు. నేను చెప్పిందంతా విన్నారు. నల్లగా అడుగు పట్టిందా అని అడిగారు. తెలియదన్నాను. మూత చుట్టూ ఏమైనా ఎండి ఉందా అన్నారు. తెలియదన్నాను.

"పేలకపోవచ్చు మేడం. కానీ పేలదని నేను చెప్పలేను. ఎవరూ ముట్టుకోకూడదు. పోలీసులకు చెప్పండి, బాంబు స్క్వాడ్ వాళ్లే తీయాలి."

వెన్నెల ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. నాగరత్నమ్మ ఆఫీసు గదిలోకి పోయి ఆ పిల్ల తండ్రి నంబరు తెచ్చింది. అతని పేరు వెంకటేశులు. పొద్దున రైలుకు బెంగళూరు పోయి ఫ్యాక్టరీలో పనిచేసి రాత్రికి వస్తాడు. యంత్రాల చప్పుడు మధ్య నా మాట అతనికి సగమే వినిపించింది. కూతురి ఎంట్రన్స్ పరీక్ష నిన్నటితో అయిపోయిందన్నాడు. చదువు పేరుతో ఇన్నాళ్లూ ఆగింది, ఈ రోజు తన అద్దం తానే చేసుకుంటుందట, గ్లూకోజు పొడి కూడా తెచ్చుకుంది అన్నాడు. సార్ చేసిన నీళ్లతో చేస్తుందని కొంచెం గర్వంగానే చెప్పాడు. ఇంట్లో ఎవరున్నారని అడిగాను. భార్య కూడా పనికి పోయింది, అమ్మ ఉంది, అమ్మ దగ్గర చిన్న ఫోన్ ఉందన్నాడు. ఆ నంబరు అడిగి రాసుకున్నాను.

వెన్నెల అవ్వ పేరు శారదమ్మ. మునిశేఖర్ సార్ భార్యనని చెప్పగానే ఆమె గొంతు మెత్తబడింది. సార్ పోయిన వారం మనవరాలు సరిగా అన్నం ముట్టలేదని చెప్పింది. పిల్ల ఏం చేస్తోందని అడిగాను.

"వంటింట్లో ఉండాది. పొయ్యి మీద నీళ్లు పెట్టుకోనుండాది. ఏందో అద్దం సేస్తాదంటమ్మా."

ఇరవై ఏళ్లుగా నేను పిల్లలకు చెబుతున్నది ఒక్కటే, సరైన మాట వాడమని. ఆ నిమిషంలో సరైన మాట నాకు దొరకలేదు. బాంబు అంటే ఆమె ఆ సీసాను తీసి వీధిలోకి విసిరేస్తుంది. మనవరాలున్న ఇంట్లో ఏ ముసలమ్మయినా అదే చేస్తుంది. విషం అంటే మోరీలో పారబోస్తుంది. పాడైపోయింది అంటే మూత తీసి వాసన చూస్తుంది. నిజానికి దగ్గరగా ఉన్న ప్రతి మాటా ఎవరో ఒకరు ఆ సీసాను చేతిలోకి తీసుకునేలా చేసేదే. రసాయన శాస్త్రం చెప్పడానికి పొయ్యి మీద నీళ్లు ఆగవు.

"శారదమ్మా, అది పోయినాయన వస్తువు. నేనింకా దాన్ని కండ్ల చూడలేదు. నేనొచ్చి చూసేదాకా ఎవరి చెయ్యీ తగలకూడదు. ఆ గదిలో పొయ్యి వెలగకూడదు. మనిషి ఉండకూడదు."

అలాంటి ఆచారం ఎక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నట్టే చెప్పాను.

"అయ్యో, ముట్టినామే తల్లీ. కుంకమ కూడా పెట్టినాము. కడిగి పక్కన పెట్టమంటావా?"

"కడగొద్దు. జరపొద్దు. యాడుండేది ఆడనే ఉండనీ. పిల్లను బయటికి పిలువు."

ఆమె ఫోన్ చెవికే పెట్టుకుని కేక వేసింది. పొయ్యి ఆపమంది, బయటికి రమ్మంది. ఆ పిల్ల ఏదో ఎదురు చెప్పింది. అవ్వ ఇంకా గట్టిగా పిలిచింది. ఆ వెంటనే ఏదో పడిన చప్పుడు, పెద్దదే. లైన్ తెగిపోయింది.

మళ్లీ చేస్తే ఆ ఫోన్ స్విచాఫ్ అని వచ్చింది. మళ్లీ చేశాను. నాగరత్నమ్మ నా మొహం చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. తానేం చేసిందని అడిగింది. ఏమీ చేయలేదని చెప్పాను. అంతకంటే చెప్పడానికి నాకు ఓపిక లేదు.

పోలీసులకు ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తినతను ఏం సీసా అన్నాడు. అమ్మోనియాకల్ సిల్వర్ నైట్రేట్ అన్నాను. అమ్మోనియా గ్యాసు లీకా అన్నాడు. కాదన్నాను. అయితే బాత్రూంలు కడిగే మందా అన్నాడు. ఆ ఒక్క మాట విని మనిషి తనకు తెలిసినదాన్ని ఊహించుకుంటాడు, అందులో అతని తప్పు లేదు. పేలే పదార్థం, ఇంట్లో ఉంది, ఎవరూ ముట్టకూడదు అని మూడు ముక్కల్లో చెప్పాను. కుప్పం స్టేషనుకు చెబుతానన్నాడు. ఫోన్ పెట్టేశాక నాకు కొత్త భయం పట్టుకుంది. ఎవరో ఒక కానిస్టేబులు వస్తాడు. వచ్చినతను సాక్ష్యం కోసం ఆ సీసాను ఎత్తి జేబు రుమాలులో చుట్టుకుంటాడు.

పలమనేరు బస్సులో కూర్చున్నాను. సంచి ఒళ్లో ఉంది. బయట టమాటా పెట్టెల లారీలు, ఎండకు తెల్లబడిన బండలు. నాకు వినిపిస్తున్నది ఆ చప్పుడొక్కటే. అది గిన్నె పడిన చప్పుడని నాకు నేను చెప్పుకున్నాను. గిన్నె అయితే మోగుతుంది. ఆ చప్పుడు మోగిందా, మొద్దుగా ఉందా? పదేపదే గుర్తుచేసుకున్నకొద్దీ అది మారిపోతూ వచ్చింది. ఒకసారి ఇత్తడిలా, ఒకసారి గోడలా. పలమనేరులో దిగేటప్పటికి అసలు ఏం విన్నానో నాకే తెలియకుండా పోయింది.

కుప్పం బస్సు కోసం నిలబడినప్పుడు వెంకటేశులు ఫోన్ చేశాడు. ఇంటికి ఫోన్ కలవడం లేదు, ఏమైంది మేడం అన్నాడు. నేను వెళ్తున్నానని చెప్పాను. అతను సెలవు పెట్టి బయల్దేరుతున్నానన్నాడు. మా పిల్లకేమైనా అయిందా అని అడిగాడు. నాకు తెలియదని చెప్పాను. అది నిజం. అతను ఫోన్ పెట్టేశాడు.

బైరెడ్డిపల్లె దాటాక సిగ్నల్ పోయింది. అక్కడి నుంచి ఫోన్ ఒళ్లో పెట్టుకుని దాని మీది గీతలు చూస్తూ కూర్చున్నాను. పక్క సీటులో ఒకామె పూలు కట్టుకుంటోంది. ఎక్కడికమ్మా అని అడిగింది. తెలిసినవాళ్ల ఇంటికి అన్నాను. ఏదైనా శుభకార్యమా అంది. కాదన్నాను. ఆమె నా నుదురు చూసి మాట మార్చింది.

వెన్నెలను నేను ఎప్పుడూ చూడలేదు. చూడని పిల్ల మొహం ఊహించుకోవడం కష్టం. అయినా దారంతా ఆ పిల్ల చేతులు నాకు కనిపించాయి. ఒక చేత్తో సీసా అడుగు పట్టుకుని, ఇంకో చేత్తో మూత తిప్పుతూ. ఆయన ఎలా తిప్పమని నేర్పారో అలాగే.

కుప్పంలో దిగి ఆటో ఎక్కాను. వాళ్లుండే వీధి రైలు గేటుకు అవతల. గేటు పడి ఉంది. రైలు ఎంతకీ రాలేదు. ఆటో పక్కనుంచి తల బయటికి పెట్టి పొగ కోసం చూశాను. పొగ లేదు. గేటు తీశాక వీధి మొదట్లోనే జనం గుంపుగా నిలబడి కనిపించారు. ఆడవాళ్లు కొంగులు తల మీద కప్పుకుని, పిల్లల్ని చంకనేసుకుని. జీపు ఉంది. ఆటో దిగాను. ఎవరినీ ఏమీ అడగలేకపోయాను. అడిగితే చెప్తారు.

గుంపులోంచి దారి చేసుకుని పోతే, ఒక ఇంటి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. ఇల్లు ఇల్లులాగే ఉంది. ఎదురింటి అరుగు మీద ఒక పిల్ల కాలికి తడిబట్ట చుట్టుకుని ఏడుస్తోంది. ముసలామె ముందు ఒక కానిస్టేబులు చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

"ఈమెకు సెప్పండి మేడం. లోపలికి పోయి దాన్ని తీసుకొస్తానంటే వదల్లేదు. గంటన్నరగా ఇదే పని."

"ఆయమ్మ వచ్చి సూసేదాకా ఎవురూ ముట్టగూడదు. పోలీసైతే ఏంది, కలెక్టరైతే ఏంది."

నేను సార్ భార్యనని చెప్పగానే శారదమ్మ లేచింది. నా చేతులు పట్టుకుంది. ఆమె చేతులు వేడిగా ఉన్నాయి. మడిగా ఉంచినానమ్మా, అంది. పొయ్యి తానే ఆపిందట. పిల్ల కంగారులో వేడినీళ్ల గిన్నె పడేసుకుని పాదం కాల్చుకుంది. శారదమ్మ చేతిలోని ఫోన్ కూడా ఆ నీళ్లలో పడింది. అదీ ఆ చప్పుడు.

నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

ఎస్సై వచ్చి, చిత్తూరు నుంచి స్క్వాడ్ బయల్దేరిందని, సీసా ఎలా ఉందో వాళ్లు అడుగుతున్నారని అన్నాడు. ఎవరో ఒకరు చూసి చెప్పాలి. నేను చూస్తానన్నాను. చూస్తానని ఆ ముసలామెకు మాటిచ్చాను, అది కూడా ఉంది. ఫోన్‌లో సిద్ధార్థ వంటింటి గడప దాటవద్దన్నారు.

చెప్పులు విప్పి లోపలికి నడిచాను. నేల తడిగా ఉంది. వంటింటి గడప దగ్గర ఆగాను. పొయ్యి పక్కన బండ మీద, కిటికీలోంచి పడుతున్న ఎండలో సీసా ఉంది. దాని ముందు గ్లూకోజు పొట్లం, ఒక గాజు గొట్టం. సీసా మెడ కింద కుంకుమ బొట్టు. సీసాకు ఒక పక్క వెండి పట్టి తళతళలాడుతోంది. అడుగున వేలెడు మందాన నల్లటి పొర. మూత చుట్టూ కూడా నల్లగా, పొడిగా, చీమల బారు ఎండి అంటుకున్నట్టు ఉంది. నీళ్లు సగానికి సగం ఇంకిపోయాయి.

సీసాకు అంటించిన కాగితం ముక్క మీద ఆయన రాత. అమ్మోనియాకల్ అనే మాట పూర్తిగా కనిపిస్తోంది. ఆ తర్వాతి మాట సీసా ఒంపులో అవతలికి పోయింది. కింద తారీఖు, దాని కింద 'ఈరోజుకే'. అది ఆయన ప్రతి ఏడాదీ రాసేదే. ఆ కాగితం ఒక్కటి తెచ్చుకోవాలని నాకు అనిపించింది. ఒక మూల ఊడి లేచి ఉంది. గోటితో లాగితే వచ్చేస్తుంది. రెండడుగులు వేస్తే అందుతుంది. వెండి పట్టిన చోట గడప, అందులో నిలబడిన ఒక మనిషి చిన్నగా కనిపిస్తోంది. ఎండ ఆ సీసా మీదికి ఇంకొంచెం జరిగింది. కిటికీ రెక్క వేద్దామన్నా, ఆ చప్పుడుకు ఏమవుతుందో అని భయం. ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకుంటూ వెనక్కి అడుగులు వేశాను.

బయటికొచ్చి చూసింది చూసినట్టు ఎస్సైకి చెప్పాను. ఆయన ఫోన్‌లో అవతలివాళ్లకు చెప్పాడు. నల్లటి పొర అనగానే అవతలివాళ్లు వీధి రెండు వైపులా ఇళ్లు ఖాళీ చేయించమన్నారు. కానిస్టేబులు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. శారదమ్మ వైపు ఒకసారి చూసి, వెళ్లి ఆమె కుర్చీ తానే మోసుకుని వీధి చివర నీడలో వేశాడు.

మేమంతా స్కూలు ఆవరణలో కూర్చున్నాం. వెన్నెల నా పక్కన ఉంది. పొడుగాటి పిల్ల, సన్నటి చేతులు. తల ఎత్తకుండానే అడిగింది.

"సార్‌కు తెలుసు గదా మేడం. తెలిసీ దాన్ని యాల పెట్టినారు?"

"పెట్టలేదు. పారబోసేలోపే పోయినారు."

నాకు అద్దం అక్కర్లేదు మేడం, అంది. పొద్దున బ్యాచ్ అందరికీ సార్ ఇచ్చినారు, నేను వరండాలో ఉండిపోయినా, అంది. ఈసారి ఏడవలేదు.

స్క్వాడ్ వాళ్లు పొద్దు వాలుతుండగా వచ్చారు. బరువైన దుస్తులు వేసుకున్న ఒకే మనిషి లోపలికి వెళ్లాడు. అంతలో వెంకటేశులు రైలు దిగి పరుగున వచ్చి, కూతురి పాదం చేతిలోకి తీసుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఇసుక నింపిన పెట్టెలో సీసాను పెట్టి, బండిని మనిషి నడకంత నెమ్మదిగా నడిపించుకుంటూ ఊరి బయట పాత రాతి గని వైపు తీసుకుపోయారు. కుప్పంలో బండలు పేల్చే చప్పుడు ఎవరికీ కొత్త కాదు. కాసేపటికి వినిపించిన ఆ చప్పుడుకు అవతలి వీధుల్లో ఎవరూ తల తిప్పి ఉండరు. అది సీసా చప్పుడా, వాళ్లు పెట్టిన మందు చప్పుడా అని ఎస్సైని అడిగాను. తెలియదన్నాడు.

శారదమ్మ నన్ను ఆ రాత్రికి పోనివ్వలేదు. కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చింది, రాగిసంగటి పెట్టింది. మీ ఆయన వస్తువును నీకు చూపించకుండా పోనీయలేదు తల్లీ, అంది. అలాంటి ఆచారం లేదని ఆమెకు నేను చెప్పలేదు.

మదనపల్లె వచ్చాక ఆయన రాసిన ప్రయోగాల కాగితం వెతికి తీశాను. అద్దం ప్రయోగం కింద, మిగిలిన ద్రావణాన్ని ఏం చేయాలో ఒక్క వాక్యం కూడా లేదు. ఆ పని తనదే కాబట్టి రాయలేదు. సిద్ధార్థను అడిగి ఆ వాక్యం నేను రాశాను. ఎవరికైనా ఒక్కసారి చదివితే అర్థమయ్యేలా రాశాను. అమ్మోనియాకల్ అనే మాటను మాత్రం అలాగే ఉంచాను.

కొత్త లెక్చరర్‌కు ఆ కాగితం ఇచ్చాను. నాగరత్నమ్మకు చదివి వినిపించాను. ల్యాబు తెరిచాక తాజాగా కలిపి, వెన్నెలను పక్కన నిలబెట్టుకుని చేయిస్తానని సిద్ధార్థ అన్నారు. మిగిలింది ఆమె ముందే ఆమ్లం పోసి పారబోస్తానన్నారు. ఆ పిల్లకు బెంగళూరులో సీటు వచ్చింది, వచ్చే నెల వెళ్లిపోతుంది. అద్దం అక్కర్లేదన్న పిల్లను పుంగనూరుకు రమ్మని నేనింకా ఫోన్ చేయలేదు. ఆమె అద్దం ఇంకా చేయలేదు.